శనివారం పొద్దున్నకి మెషీన్ స్టార్ట్ అవ్వాలి: మా గడ్డి కోసే మెషీన్ల రిపేరు షాపుకి అయిదుకి నాలుగు స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయడం లేదు. రాయొద్దని షాపు పెద్దాయనే అన్నాడు. "మార్చి వచ్చిందంటే మూడు వారాల లైను ఉంటుంది, నువ్వు రాస్తే ఇంకో యాభై మంది మీవాళ్లు వస్తారు, నాకున్నది ఇద్దరే మెకానిక్‌లు" అన్నాడు. పేరు లేని రివ్యూ ఎవడికి పనికొస్తుందిరా అంటారేమో. డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, కారల్టన్, ప్లేనో, ఫ్రిస్కో, ఎక్కడున్నా వెతికితే ఇలాంటి షాపు ఒకటి దొరుకుతుంది. ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో నాలుగు లాన్లు కొట్టి పైడబ్బులు చూసుకుందాం అనుకునేవాడు మోవర్, అదే గడ్డి కోసే మెషీన్, కొనడానికి ముందే ఇలాంటి షాపు చూసి పెట్టుకోవాలి. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఒక సీజన్ గడిచిపోయింది, అందుకే ఈ రాత.

పగలు నాది ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా వీధిలో సగం ఇళ్లు మనవాళ్లవే. మా లాన్ కొట్టే అతను ఊరు మారిపోతే, సరే మన యార్డు మనమే కొట్టుకుందాం అని ఒక పెద్ద స్టోర్‌లో సేల్‌లో ఉన్న మోవర్ కొన్నాను. రెండు వారాలకి పక్కింటాయన కంచె మీదుగా, "అన్నా, ఎలాగూ తీశారు కదా, మాది కూడా ఒక రౌండ్ వేసేయండి, ఎంతో చెప్పండి" అన్నాడు. ఆ పై వారం ఎదురింటివాళ్లకి గడ్డి పెరిగిపోయిందని హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల సంఘం, నుంచి ఉత్తరం వచ్చింది, వాళ్లూ నా దగ్గరికే వచ్చారు. అలా మూడు ఇళ్లయ్యాయి. నేను బిజినెస్ పెట్టలేదు, అదే వచ్చి నా గరాజ్‌లో కూర్చుంది.

ఇక్కడ ఒక్క మాట. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇది చదివి ఉత్సాహపడిపోకండి. ఆ వీసా మీద స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు, సొంతంగా లాన్ కొట్టి 40 డాలర్లు తీసుకున్నా అది పనే. హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో వచ్చే వీసా) ఉండి ఈఏడీ కార్డు, అంటే పని చేసుకునే అనుమతి, చేతిలో ఉన్నవాళ్లు చేసుకోవచ్చు, గ్రీన్ కార్డు వాళ్లకి ఎలాగూ ఇబ్బంది లేదు. మా గ్రీన్ కార్డు వచ్చాక చేశాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. ఆఫీసులో హెచ్ఆర్‌కి కూడా ఒక మెయిల్ పెట్టి సరేననిపించుకున్నాను, చాలా కంపెనీల్లో బయట పని చేస్తే చెప్పాలన్న రూలు ఉంటుంది.

సరే, షాపు. మొదటి చలికాలం అయిపోయి మార్చి మొదటి శనివారం మెషీన్ బయటికి తీశాను. బెర్ముడా గడ్డిని పచ్చబడకముందే బాగా కిందికి కొట్టేయాలి, అది ఆలస్యమైతే ఎండిన పాత గడ్డి పైనే ఉండిపోయి కింది చిగురుకి ఎండ తగలదు. ముగ్గురికీ అదే వారం చేస్తానని మాటిచ్చాను. తాడు లాగాను. ఇంకోసారి లాగాను. ముప్పైసార్లు లాగి ఉంటాను, భుజం పోయింది, మెషీన్ దగ్గను కూడా దగ్గలేదు. కొన్న స్టోర్‌కి ఫోన్ చేస్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి చేయమన్నారు, వాళ్లకి చేస్తే, "ఇంటి వాడకానికేనా, డబ్బులకి కూడా కొడుతున్నారా" అని అడిగారు. నేను హరిశ్చంద్రుడి మనవణ్ణి కదా, నిజం చెప్పాను. వారంటీ కాగితం వెనక సన్న అక్షరాల్లో ఉంది: ఇంటి వాడకానికి మూడేళ్లు, కమర్షియల్ వాడకానికి 90 రోజులు. ఇది ఆ ఒక్క కంపెనీ గొడవ కాదు, ఇళ్లకని అమ్మే మోవర్లలో చాలావాటికి ఇలాగే ఉంటుంది. ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

అప్పుడు పక్కింటాయనే ఈ షాపు చెప్పాడు. టైర్ల కొట్టుకీ లాండ్రీకీ మధ్యలో ఉంటుంది, బోర్డు మీద సగం అక్షరాలు వెలిసిపోయాయి, లోపలికి వెళ్తే పెట్రోలు వాసన, కోసిన గడ్డి వాసన, మాడిన కాఫీ వాసన కలిపి కొడతాయి. పెద్దాయనకి డెబ్బై ఉంటాయి. పలకరింపు లేదు. మెషీన్ చూసి ఒకటే అడిగాడు, "గ్యాస్ ఎప్పుడు పోశావు?" గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలే. అక్టోబర్‌లో అన్నాను. తలెత్తి నన్ను ఒక చూపు చూశాడు. మా ఊళ్లో బావి మోటారు నీళ్లు లేకుండా తిప్పి కాల్చేసినవాణ్ణి మెకానిక్ ఇలాగే చూసేవాడు.

మామూలుగా మెషీన్ వదిలేసి వెళ్లమంటాడట, ఆ రోజు వాన పడుతోందని ఖాళీగా ఉన్నాడు, నా ముందే విప్పాడు. కార్బురేటర్ కింద చిన్న గిన్నెలా ఒకటి ఉంటుంది, ఒక్క బోల్టు విప్పితే ఊడి చేతిలోకి వస్తుంది. దాని అడుగున లేత ఆకుపచ్చ రంగులో జిగురు, ఆవకాయ జాడీ అడుగున నూనె గడ్డకట్టినట్టు. ఇక్కడ బంకుల్లో పోసే గ్యాస్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలకుండా ఉంటే గ్యాస్ పాడై ఇలా జిగురు దిగుతుంది. లోపలి నుంచి గ్యాస్ పోయే ఇత్తడి జెట్ తీసి ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టి నా కంటి ముందు పెట్టాడు. మధ్యలో సూదిమొన అంత రంధ్రం ఉండాలి. లేదు. సన్న తీగతో పొడిచి, క్లీనర్ కొట్టి, మళ్లీ పట్టాడు. ఈసారి వెలుతురు చుక్క కనిపించింది. "నీ బిజినెస్ మొత్తం ఈ బొక్కలోంచే పోవాలి" అన్నాడు. బిగించి, కొత్త గ్యాస్ పోసి లాగితే రెండో లాగుడికి స్టార్ట్ అయింది. 65 డాలర్లు తీసుకున్నాడు. ఆ శనివారం మధ్యాహ్నం వాన వెలిశాక కూడా నేల బురదగా ఉందని ఆదివారం ముగ్గురికీ కొట్టేశాను.

ఆ రోజు నుంచీ అలవాటు మార్చుకున్నాను. డబ్బాలో గ్యాస్ నెలకి మించి ఉంచను, కొన్న రోజే అది పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ మందు కలుపుతాను, నవంబర్‌లో చివరి కోత అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి ఆగిపోయేదాకా ఇంజన్ నడిపేస్తాను. ఇవన్నీ మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నవే, కాకపోతే పుస్తకం ఎవరి ముందూ జెట్ పట్టుకుని నిలబడదు.

ఈ షాపులో నాకు బాగా నచ్చింది అమ్మకం. అంటే, అమ్మకపోవడం. రెండో ఏడాది ఇళ్లు ఏడుకి పెరిగాయి, నా తలకి కాస్త గాలి ఎక్కింది, వెళ్లి జీరో టర్న్ మెషీన్ ఎంత అని అడిగాను, అదే, మీద కూర్చుని స్టీరింగ్ బదులు రెండు కర్రలతో తిప్పేది. ఎన్ని ఇళ్లు, యార్డులు ఎంత, వెనక యార్డుకి గేటు వెడల్పెంత అని అడిగాడు. గేటు వెడల్పు నాకేం తెలుసు. "వెళ్లి టేపు పెట్టి కొలుచుకుని రా" అన్నాడు. కొలిస్తే ఏడింట్లో అయిదిళ్లకి గేటు 36 అంగుళాలే. నేను మోజు పడ్డ మెషీన్ డెక్కే, అంటే బ్లేడ్ తిరిగే అడుగు భాగమే, 42 అంగుళాలు. కొని ఉంటే ముందు యార్డులో షికారు చేసి, వెనక యార్డుకి మళ్లీ చేతి మోవరే తోసేవాణ్ణి, పైగా దాన్ని లాగడానికి ట్రైలర్, ట్రైలర్ పెట్టడానికి చోటు, దానికి హెచ్‌ఓఏ ఇంకో ఉత్తరం.

దాని బదులు మూలనున్న పాత హోండా హెచ్ఆర్‌సీ 216 చూపించాడు. 21 అంగుళాలది, కమర్షియల్ వాడకానికి చేసిన మోడల్. 2023లో హోండా అమెరికాలో గ్యాస్ లాన్‌మోవర్ల తయారీ ఆపేసింది, కాబట్టి కొత్తవి రావు, ఉన్నవాటినే జాగ్రత్తగా చూసుకోవాలి. 650కి ఇచ్చాడు, బేరానికి వెళ్తే మొహం తిప్పేసుకున్నాడు. బరువైన మెషీన్, పికప్‌లోకి ఎక్కించాలంటే ర్యాంప్ కావాల్సిందే, నడుంనొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోండి. కానీ తాడు లాగితే స్టార్ట్ అవుతుంది. నాలాంటివాడికి వారంలో ఉన్నవి గురువారం సాయంత్రం రెండు గంటలు, శనివారం ఉదయం అయిదు గంటలు. ఆ ఏడు గంటల్లో మెషీన్ మొరాయిస్తే పూర్తి సమయం చేసేవాడిలా "రేపు చూద్దాంలే" అనడానికి లేదు, రేపు ఆఫీసులో స్టాండప్ మీటింగ్ ఉంటుంది.

బ్యాటరీ మోవర్ల గురించి చాలామంది అడుగుతున్నారు. ఒక ఇల్లు, రెండు ఇళ్లయితే హాయిగా కొనుక్కోండి, శబ్దం తక్కువ, గ్యాస్ గొడవ లేదు. ఏడిళ్లు వరసగా కొట్టాలంటే ఆ బ్యాటరీలు ఎన్ని కావాలో లెక్కేసుకుని, వాటి ధర చూసి, కాసేపు కూర్చోండి. కోసిన గడ్డిని గాలితో ఊదేసే బ్లోవర్ మాత్రం నేను బ్యాటరీదే వాడుతున్నాను, శనివారం ఏడున్నరకి పక్కవాళ్ల నిద్ర చెడగొట్టకుండా మొదటి ఇల్లు ఊడ్చేయొచ్చు.

బ్లేడ్ సాన పెట్టడం ఇంకో సంగతి. నేను మొదటి ఏడు ఒక్కసారీ పెట్టించలేదు. మా కస్టమర్ ఒకావిడ, గుంటూరు వైపు వాళ్లు, "మీరు కొట్టిన రెండో రోజుకల్లా లాన్ మీద తెల్లగా బూడిద చల్లినట్టుంటుందండీ" అంది. నేను నీళ్లు తక్కువయ్యాయని ఆవిడకే చెప్పొచ్చాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. షాపులో చెబితే పెద్దాయన నన్ను బయటికి తీసుకెళ్లి రోడ్డు పక్క గడ్డిపోచ ఒకటి కత్తెరతో కోశాడు, ఇంకోటి చేత్తో తుంచాడు, రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. తుంచినదాని చివర పీచు పీచుగా ఉంది. మొద్దు బ్లేడ్ చేసేది అదే, కోయదు, పీకుతుంది, ఆ పీచులు ఎండి తెల్లబడతాయి. సాన పట్టాక గోడకున్న మేకుకి బ్లేడ్ మధ్య బొక్క తగిలించి వదిలాడు, ఒక పక్క మెల్లగా కిందికి దిగింది. ఆ పక్క ఇంకాస్త రుద్దాడు. మళ్లీ తగిలిస్తే అడ్డంగా, తక్కెడ దండెలా నిలబడింది. బరువు సమానంగా లేకపోతే మెషీన్ వణికి లోపలి షాఫ్ట్ దెబ్బ తింటుందట. బ్లేడ్ మనమే విప్పి తీసుకెళ్తే 12 డాలర్లు. ఇప్పుడు నా దగ్గర రెండు సెట్లున్నాయి, ఒకటి మెషీన్‌కి, ఒకటి షాపులో, సుమారు పాతిక గంటల పనికి ఒకసారి మారుస్తాను. గుంటూరావిడ మళ్లీ ఏమీ అనలేదు. అంటే మెచ్చుకున్నట్టే.

ఇక ఒక స్టార్ ఎందుకు కోశానంటే. ఒకటి, టైమింగ్. సోమవారం నుంచి శుక్రవారం ఎనిమిది నుంచి అయిదు, శనివారం పన్నెండుకి షట్టర్ దించేస్తాడు, ఆదివారం సెలవు. పగలు ఉద్యోగం చేసేవాడు ఎప్పుడు వెళ్లాలి? నేను లంచ్ టైంలో పరిగెడతాను, గ్యాస్ వాసనతో మీటింగ్‌కి వస్తే పక్క సీటు అమ్మాయి కారు రిపేరా అని అడుగుతుంది. రెండు, ఫోన్ ఎత్తరు. మెసేజ్ పెడితే చూడరు. అంచుల గడ్డి కొట్టే నా ట్రిమ్మర్ ఒకసారి తయారయ్యాక కూడా తొమ్మిది రోజులు అక్కడే పడి ఉంది, ఎవరూ చెప్పలేదు, ఆ వారం అంచులు కొట్టకుండానే రెండు ఇళ్లు వదిలేయాల్సొచ్చింది. మూడు, కార్డుకి 3 శాతం ఎక్కువ, అది గోడ మీద రాసే ఉంటుందనుకోండి. నాలుగోది ఆ ట్రిమ్మరే: బాగుచేసి ఇచ్చిన పదిహేను రోజులకి మళ్లీ ఆగింది. తిరిగి తీసుకెళ్తే డబ్బు అడగలేదు, కానీ తప్పు తమదని కూడా అనలేదు, "నువ్వు ఆయిల్ సరిగ్గా కలపలేదు" అన్నాడు. గ్యాస్ 50కి ఆయిల్ 1 చొప్పున కొలిచే కలిపాను. వాదించలేదు. అప్పటి నుంచి కలిపే అమ్మే డబ్బా కొంటున్నాను, ఖరీదెక్కువే, మాట పడే పని లేదు.

డబ్బు సంగతి చెప్పకపోతే మనవాళ్లు ఒప్పుకోరు. ఇంటికి 40 నుంచి 45 తీసుకుంటున్నాను. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వారం వారం అనుకుంటాం గానీ, వానలు, ఊరెళ్లినవాళ్లు, ఆగస్టు ఎండలకి గడ్డే పెరగని వారాలు తీసేస్తే ఇంటికి ఇరవై అయిదు కోతలు వచ్చాయి. ఏడిళ్లకి దాదాపు 7,300 డాలర్లు. మెషీన్, ట్రిమ్మర్, గ్యాస్, బ్లేడ్లు, లయబిలిటీ ఇన్సూరెన్స్, నేను విరగ్గొట్టిన స్ప్రింక్లర్ హెడ్లు మూడు, అన్నీ పోను మిగిలింది 5,000కి కొంచెం అటూఇటూ. స్ప్రింక్లర్ ఒకటి పగిలితే ఫౌంటెన్‌లా లేచింది, ఇంట్లో పిల్లలు మాత్రం చప్పట్లు కొట్టారు.

అందులోంచి పన్ను కూడా పోతుంది. టెక్సస్‌లో లాన్ పనికి సేల్స్ టాక్స్ ఉంది, మా ఊళ్లో 8.25 శాతం. కంపెనీ గట్రా లేకుండా ఒక్కడే సొంతంగా చేసుకుంటూ గత నాలుగు క్వార్టర్లలో, అంటే ఏడాదిలో, 5,000 డాలర్లు దాటకపోతే మినహాయింపు ఉంటుంది, మొదటి ఏడు నేను అందులోనే ఉన్నాను. దాటాక కంప్ట్రోలర్, అంటే రాష్ట్రంలో పన్నులు చూసే ఆఫీసు, దగ్గర పర్మిట్ తీసుకోవాలి, దానికి ఫీజు లేదు. ఫెడరల్ పన్నుకి వస్తే ఖర్చులు పోను 400 డాలర్లు దాటితే చాలు, మామూలు ఇన్‌కం టాక్స్‌కి తోడు 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ ఉంటుంది. నేను ఆఫీసులో డబ్ల్యూ4, అదే జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే ఫారం, మార్చి జీతంలోనే కాస్త ఎక్కువ కోయించుకుంటున్నాను, ఏప్రిల్‌లో పన్ను లెక్క కట్టేటప్పుడు గుండె ఆగకుండా.

కలుపు మందు కొట్టమని అడుగుతారు. నేను కొట్టను. డబ్బు తీసుకుని ఇంకొకరి లాన్‌లో మందు కొట్టాలంటే టెక్సస్‌లో లైసెన్స్ కావాలి, ఎరువుతో కలిపి అమ్మే కలుపుమందు సంచికి కూడా అంతే. ఇదీ మా పెద్దాయన చెప్పిందే. ఆయన షాపులో ఆ సంచులు వరసగా పేర్చి ఉంటాయి, నేను ఒకటి భుజాన వేసుకుంటే, "నీ ఇంటికా, కస్టమర్ ఇంటికా" అని అడిగి, కస్టమర్‌కి అనగానే తీసి మళ్లీ వరసలో పెట్టేశాడు. అమ్ముకుంటే ఆయనకే లాభం.

మా అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఆవిడకి వీసాలు, పన్నులు అక్కర్లేదు. "కోసిన గడ్డంతా ఏం చేస్తావురా?" అంది. అక్కడే వదిలేస్తామమ్మా, నేలకి ఎరువవుతుంది అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఏడిళ్ల గడ్డీనా? రెండు గేదెలు బతికేవి కదరా" అంది. ఆ మాట పెద్దాయనకి ఇంగ్లీషులో చెబితే మొదటిసారి నవ్వాడు, వాళ్ల నాన్నకీ ఆవులుండేవట.

అయిదుకి నాలుగు. మీ ఊళ్లో ఇలాంటి షాపు దొరికితే జనవరిలోనే వెళ్లి సర్వీసింగ్ చేయించేసుకోండి, మార్చిలో వెళ్తే నాలాంటివాళ్లు ముప్పై మంది ముందుంటారు. ఇంకోటి, మెషీన్ డెక్ అడుగున గడ్డి అట్టకట్టి ఉంటే గీకి, కడిగి తీసుకెళ్లండి. కడక్కపోతే బిల్లులో 20 డాలర్లు వేరే వేస్తాడు. నాకు రెండుసార్లు వేశాడు.